వేలాడే కమోడ్, గోడలో ట్యాంకు: పాత ఫ్లాట్ బాత్రూమ్‌కు సరిపోతుందా?

పాత బాత్రూమ్ కొట్టేసి కొత్తగా చేయించుకుందామని శానిటరీ షాపుకు వెళ్తే ఇప్పుడు ముందుగా చూపించేది వాల్ హంగ్ కమోడే. నేలకు తగలకుండా గోడకు వేలాడుతుంది, ఫ్లష్ ట్యాంకు గోడలో దాగి ఉంటుంది, బయటికి కనిపించేది రెండు బటన్ల ప్లేటు ఒక్కటే. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల బిల్డర్లే పెట్టి ఇస్తున్నారు. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఫ్లాట్‌లో, 5 అడుగులు బై 8 అడుగుల బాత్రూమ్‌లో పెట్టాలంటే మాత్రం లెక్క వేరు. తీర్పు ముందే చెప్పేస్తే నయం: సరుకు మంచిది, పెట్టిన డబ్బుకు తగినది. కానీ పని సగంలో ఉండగా మనసు మార్చుకుని తీసుకోదగ్గ సరుకు కాదు. పాత టైల్ మీద మొదటి సుత్తి దెబ్బ పడకముందే దీని కొలతలన్నీ తేలిపోవాలి.

షాపులో చెప్పే ధర చాలాసార్లు కమోడ్‌కు మాత్రమే. అసలు కొనాల్సినవి నాలుగు: పింగాణీ కమోడ్ (సీటుతో కలిపి), గోడలో కూర్చునే ట్యాంకు, దాన్నీ కమోడ్‌నూ మోసే ఇనుప ఫ్రేమ్, బయటి ఫ్లష్ ప్లేటు. కొన్ని కంపెనీలు ట్యాంకునూ ఫ్రేమ్‌నూ ఒకే డబ్బాలో ఇస్తాయి, ప్లేటు మాత్రం దాదాపు ఎప్పుడూ విడిగానే బిల్లవుతుంది. కమోడ్ ఏ కంపెనీదైనా పర్వాలేదు. వెనక బోల్టుల మధ్య దూరం 180 మి.మీ. (కొన్ని పెద్ద మోడళ్లకు 230) అన్నది అందరూ పాటించే కొలత, ఫ్రేమ్‌కు రెండు రకాల రంధ్రాలూ ఉంటాయి. ట్యాంకు, ప్లేటు మాత్రం ఒకే కంపెనీవి, ఒకే సిరీస్‌వి అయి తీరాలి. డబ్బు తక్కువపడితే కమోడ్ దగ్గర తగ్గించుకోండి, ట్యాంకు దగ్గర వద్దు. కమోడ్‌ను రేపు రెండు నట్లు విప్పి మార్చుకోవచ్చు. ట్యాంకును మార్చాలంటే గోడ పగలాలి.

గోడలో దాచే ట్యాంకు కొత్త వస్తువేమీ కాదు. స్విట్జర్లాండ్ కంపెనీ గెబెరిట్ 1964లోనే దీన్ని బజారులోకి తెచ్చింది. మన దగ్గర జాక్వార్, హింద్‌వేర్, గ్రోహె, కోహ్లర్ వంటి పేర్లతోనూ దొరుకుతాయి. ఏది కొన్నా షాపువాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ మోడల్‌లో నీళ్లు వదిలే ఫ్లష్ వాల్వ్ రబ్బరు సీలు, ట్యాంకు నింపే ఫిల్ వాల్వ్ మీ ఊళ్లో ఇప్పుడు విడిగా దొరుకుతాయా? దొరుకుతాయంటే అక్కడికక్కడే ఒక్కో సీలు కొనేయండి. చేతికి ఇవ్వలేని షాపు పదేళ్ల తర్వాత ఇస్తుందని నమ్మి గోడలో పూడ్చుకోవడం మంచిది కాదు.

స్థలం కలిసొస్తుందన్న మాట ఒకటి ఉంది. కొలిచి చూస్తే అది సగమే నిజం. నేల మీద కూర్చునే మామూలు కమోడ్, వెనక ట్యాంకుతో కలిపి, గోడ నుంచి ముందు అంచు దాకా 65 నుంచి 70 సెం.మీ. వస్తుంది. వేలాడే కమోడ్ 48 నుంచి 54 సెం.మీ.లో అయిపోతుంది. అయితే పాత ఫ్లాట్లలో లోపలి గోడలు చాలావరకు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలే. వాటిలో 8 సెం.మీ. మందం ఉన్న ట్యాంకును కూడా చెక్కి దూర్చలేం, అవతలి గదిలోకి వచ్చేస్తుంది. కాబట్టి గోడ ముందు మరో పొట్టి గోడ, మేస్త్రులు లెడ్జ్ అనేది, కట్టాలి. ఇటుక, ప్లాస్టరింగ్, టైలు కలిపి దాని మందం సుమారు 15 సెం.మీ. దానికి కమోడ్ 52 కలిపితే 67. అంటే పాత కమోడ్ ఆక్రమించినంతే. వెనక ఉన్నది తొమ్మిది అంగుళాల గోడ అయితే అందులోకి సగం దాకా చెక్కి ట్యాంకును కూర్చోబెట్టవచ్చు, అప్పుడు నిజంగానే అరడుగు కలిసొస్తుంది. కానీ ఆ చెక్కే చోట కాలమ్ గానీ బీమ్ గానీ ఉండకూడదు. గోడల మీదే స్లాబు నిలిచిన పాత ఇళ్లలో అయితే ఇంజనీరు చూడకుండా గోడకు ఉలి తగలనివ్వకండి.

లెడ్జ్ వల్ల పోయిందేమీ లేదు, మూడున్నర అడుగుల ఎత్తున సబ్బులూ బ్రష్షులూ పెట్టుకునే అరుగు వస్తుంది. దాని మీద టైల్స్‌కు బదులు ఒకే గ్రానైట్ పలక వేయించి, ముందుకు రెండు మి.మీ. వాలు ఇప్పిస్తే నీళ్లు నిలవవు.

అసలు చిక్కు మలం పైపు దగ్గర వస్తుంది. ఇప్పుడున్న కమోడ్ గోడలోకి వెళ్లే పి-ట్రాపా, నేలలోకి దిగే ఎస్-ట్రాపా అన్నది ముందు చూడండి. పి-ట్రాప్ అయితే సగం పని అయినట్టే. పాత పైపు మధ్య బిందువు నేలకు ఏడెనిమిది అంగుళాల ఎత్తున ఉంటుంది, కొత్తదానికి 22 నుంచి 23 సెం.మీ., అంటే తొమ్మిది అంగుళాలు కావాలి. ఆ తేడాను లెడ్జ్ మందంలోనే సర్దవచ్చు. ఎస్-ట్రాప్ అయితే గోడ నుంచి పైపు మధ్యకు ఎంత దూరమో టేపుతో కొలవండి. బజారులో ఎస్-ట్రాప్ కమోడ్లు 100, 220, 300 మి.మీ. కొలతల్లో వచ్చాయి. పైపు 100 దగ్గర ఉంటే కొత్త లెడ్జ్ కిందికే వస్తుంది, ఒక బెండుతో అయిపోతుంది. 220 లేదా 300 దగ్గర ఉంటే పైపు లెడ్జ్ బయట, వేలాడే కమోడ్ కింద నేల మీద తేలుతుంది. దాన్ని వెనక్కి జరపాలంటే సంకెన్ స్లాబులో (పైపుల కోసం మిగతా నేలకంటే కిందికి దించి వేసిన బాత్రూమ్ స్లాబు) పోసిన పూడిక తవ్వాలి, 110 మి.మీ. పైపును కోయాలి, అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు చూసి మళ్లీ వేయాలి.

అందుకే, పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ అతికించి పది రోజుల్లో ముగించే పని అనుకుంటున్నవాళ్లకు, ఎస్-ట్రాప్ దూరంగా ఉంటే, ఈ కమోడ్ వద్దు. పూడిక తీసి వాటర్‌ప్రూఫింగ్ కొత్తగా చేయిస్తున్నవాళ్లకైతే ఇంతకంటే మంచి సమయం ఉండదు.

ఈ సంకెన్ స్లాబులోనే చాలామంది ప్లంబర్లు పట్టించుకోని ఇంకో సంగతి ఉంది. నేల మీద నిలబడే పూర్తి ఎత్తు ఫ్రేమ్‌లకు కింద రెండు కాళ్లు ఉంటాయి, వాటిని యాంకర్ బోల్టులతో నేలకు బిగించాలి. కంపెనీ పుస్తకంలో బొమ్మ గట్టి కాంక్రీటు నేల మీద గీసి ఉంటుంది. మన పాత ఫ్లాట్లలో టైల్ కింద ఉన్నది కాంక్రీటు కాదు, 8 నుంచి 12 అంగుళాల లోతున పోసిన ఇటుక ముక్కలు, సిమెంటు రాళ్లు, ఇసుక. అందులో బోల్టు పట్టదు. పట్టినట్టు కనిపించినా ఆరు నెలలకు కమోడ్ ఊగడం మొదలవుతుంది, ఆ ఊగుడుకు టైల్ అతుకు పగులుతుంది, నీళ్లు దిగుతాయి. పైగా ఆ డ్రిల్లు వాటర్‌ప్రూఫింగ్ పొరను పొడిచేస్తుంది. చేయాల్సింది ఇది: పూడిక మళ్లీ నింపేటప్పుడే ఫ్రేమ్ వచ్చే చోట రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, కనీసం నాలుగు అంగుళాల మందంతో 1:1.5:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు దిమ్మ పోయించండి. అందులో 8 మి.మీ. చువ్వలు నాలుగు వేసి, వాటిలో రెండిటి కొసలను వెనక గోడలోకి మూడు అంగుళాలు దూర్చండి. ఏడు రోజులు నీళ్లు కొట్టాక కాళ్లు దాని మీద బిగించండి. ఆ తర్వాతే వాటర్‌ప్రూఫింగ్ పూత, కాళ్ల చుట్టూ బోల్టు తలల దాకా. బోల్టుల పని ముందు, పూత తర్వాత. ఈ వరుస తప్పితే దిమ్మ పోసీ ప్రయోజనం లేదు.

సరిగా బిగించిన ఫ్రేమ్, కమోడ్ 400 కిలోల బరువు పరీక్షకు నిలబడేలా తయారవుతాయి. కాబట్టి వేలాడేది ఊడి పడుతుందేమో అన్న భయం అక్కర్లేదు, కింద పట్టు ఎలా ఉందన్నదే చూసుకోవాలి. గోడ తేలిక బ్లాకులదైతే మామూలు ఎక్స్‌పాన్షన్ బోల్టులు పట్టవు. ఫ్రేమ్ పైభాగం లాగకుండా రెసిన్ పోసి అతికించే కెమికల్ యాంకర్లు వాడించండి.

ఎత్తు దగ్గర జరిగే పొరపాటు ఒక్కటే, కానీ దాదాపు ప్రతి పనిలోనూ జరుగుతుంది. ఫ్రేమ్ బిగించే రోజుకు నేల ఇంకా పచ్చి నేల. ప్లంబర్ అక్కడి నుంచే టేపు పెడతాడు. పైన వాలు సిమెంటు, టైల్ గమ్ము, టైలు కలిసి రెండు అంగుళాలు పెరిగేసరికి కమోడ్ ఆ మేరకు పొట్టిదైపోతుంది. దీనికి మందు చాలా సులువు. పని మొదలైన రోజే ట్యూబ్ లెవెల్‌తో, పూర్తయిన నేల ఎక్కడికి వస్తుందో తేల్చుకుని, దానికి సరిగ్గా మీటరు పైన నాలుగు గోడల మీదా ఒక గీత కొట్టించండి. చాలా ఫ్రేమ్‌ల మీద కూడా మీటరు గుర్తు ఉంటుంది. రెండు గీతలూ కలిపి, రసమట్టం పెట్టి బిగిస్తే చాలు. సీటు పై అంచు మామూలుగా 40 నుంచి 42 సెం.మీ. వస్తుంది. ఇంట్లో మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లుంటే 45, 46కు పెంచండి. నేల కమోడ్‌కు లేని సౌకర్యం ఇది, కావలసిన ఎత్తు మనం ఎంచుకోవచ్చు. పక్క గోడ నుంచి కమోడ్ మధ్యకు కనీసం 15 అంగుళాలు, ముందు రెండు అడుగుల ఖాళీ ఉండాలి. పట్టుకుని లేచే రాడ్డు ఇప్పుడు వద్దనుకున్నా, దాని స్క్రూలు వచ్చే చోట గోడ గట్టిగా ఉండేలా ఇప్పుడే చూసుకోండి.

పని జరుగుతుండగా ఇంట్లో ఉండేవాళ్లు గుర్తుంచుకోవాల్సిందీ ఒకటుంది. మీ కమోడ్ తీసేసినంత మాత్రాన డక్ట్‌లోని నిలువు పైపు ఆగదు, పై అంతస్తులవాళ్ల నీళ్లన్నీ అందులోనే దిగుతుంటాయి. తెరిచి ఉంచిన పైపు నుంచి దుర్వాసనా బొద్దింకలూ వస్తాయి. కింద ఎక్కడైనా అడ్డుపడితే పై ఇళ్ల మురుగు మీ బాత్రూమ్‌లోకే పొంగుతుంది. కూలీలు అలవాటుగా సిమెంటు సంచి కుక్కుతారు. అది జారి లోపలికి పోతే భవనం మొత్తానికి ఇబ్బంది. 110 మి.మీ. ఎండ్ క్యాప్ ఒకటి, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) పైపుకు సరిపడేది ఒకటి ముందే కొనిపెట్టి, ఏ సాయంత్రం పని ఆగినా బిగించి వెళ్లమనండి. ఖరీదు చాలా తక్కువ, చేసే మేలు పెద్దది.

రోజుల లెక్క ఇలా వేసుకోండి. కొట్టడం, చెత్త దింపడం రెండు రోజులు. పైపులు వేయడం రెండు రోజులు. పూడిక, దిమ్మ, వాటి క్యూరింగ్ వారం. పూత రెండు చేతులు, అది ఆరడం మూడు రోజులు. నీళ్లు నిలిపి చూడటం రెండు రోజులు. లెడ్జ్ కట్టడం, ప్లాస్టరింగ్ రెండు. టైల్స్ నాలుగు, గ్రౌటింగ్, సామాన్లు బిగించడం రెండు. మూడు వారాలు దాటుతుంది. రెండో బాత్రూమ్ లేని ఇంట్లో ఇది చిన్న మాట కాదు. పూడిక తీయని పనికంటే వేలాడే కమోడ్ పని కనీసం వారం ఎక్కువ పడుతుందని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

లెడ్జ్ గోడ కట్టేలోపు రెండు పరీక్షలు జరిగి తీరాలి. ఒకటి, పాత గోడకు, అంటే రేపు ట్యాంకు వెనక ఉండిపోయే గోడకు, వాటర్‌ప్రూఫింగ్ పూత పడిందా? మేస్త్రులు కనిపించే గోడలకే పూస్తారు. రెండు, ట్యాంకు నింపి ఒక రాత్రి వదిలేసి, పొద్దున్నే పైపు అతుకుల చుట్టూ పొడి టిష్యూ కాగితం తుడిచి చూడండి. తడి తగిలితే అక్కడే ఆపండి. మలం బెండులో రెండు మూడు బకెట్లు గుమ్మరించి దాని అతుకునూ అలాగే చూడండి. ప్లేటు తీస్తే కనిపించే కంత లోంచి ఫిల్ వాల్వ్, ఫ్లష్ వాల్వ్, లోపలి స్టాప్ కాక్ మార్చుకోవచ్చు. ట్యాంకు బయటి నీటి పైపు అతుకు, ఫ్లష్ పైపు, మలం బెండు ఆ కంతలోంచి అందవు. అందనివాటి పరీక్ష ఇప్పుడే. టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసుకోండి, రేపు అద్దం బిగించేవాడు డ్రిల్లు ఎక్కడ పెట్టకూడదో అవే చెబుతాయి.

ట్యాంకుతో పాటు నీలమో ఆకుపచ్చో రంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి కంతకు తగిలించి వస్తుంది. చూడటానికి ప్యాకింగులా ఉంటుంది కాబట్టి దాన్ని పీకి పారేయడం మామూలే. అది ప్యాకింగు కాదు. టైల్స్ పని అయ్యేదాకా సిమెంటు, గ్రౌటు లోపల పడకుండా కాపాడేది అదే. టైల్స్ అతికించాక టైల్ మట్టానికి బ్లేడుతో కోయాలి. అది లేకుండా పని చేస్తే ఇసుక రేణువులు ఫ్లష్ సీలు కింద చేరి, మొదటి రోజు నుంచే సన్నని ధార ఆగకుండా కారుతుంది. కొత్త ట్యాంకు కారుతోందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ముందు చూడాల్సింది ఈ ఇసుకే.

కమోడ్ వేలాడదీసే రోజు చేసే పని అరగంటది, అందులో మూడు చోట్ల జాగ్రత్త కావాలి. ఫ్లష్ పైపు, మలం పైపు కొసలను కమోడ్ వెనక లోతు కొలిచి అంతే కోయాలి. పొడవైతే కమోడ్ గోడకు ఆనదు, పొట్టిదైతే రబ్బరు అందక లోపలే కారుతుంది. రబ్బరు రింగులకు సబ్బు నీళ్లు రాయండి, గ్రీజు వద్దు. గోడకూ పింగాణీకీ మధ్య ఫోమ్ గ్యాస్కెట్ పెట్టకుండా నట్టు బిగిస్తే టైల్ ఎత్తుపల్లాల మీద పింగాణీ ఆని చీలుతుంది, ఆ చీలిక వెంటనే కనిపించదు. నట్లను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. చివరగా చుట్టూ సిలికాన్ పూసేటప్పుడు అడుగున రెండు అంగుళాలు వదిలేయండి. వెనక ఎక్కడైనా కారితే ఆ సందులోంచి చుక్క బయటికి వచ్చి కనిపిస్తుంది. చుట్టూ మూసేస్తే ఆ నీళ్లు లెడ్జ్‌లోకి, అక్కడి నుంచి కింది ఫ్లాట్ సీలింగ్‌లోకి వెళ్తాయి.

వాడకంలో దీనికి పూర్తి మార్కులు పడేది శుభ్రత దగ్గర. నేల కమోడ్ అడుగున తెల్ల సిమెంటు పసుపెక్కి, మురికి పేరుకునే ఆ చుట్టు ఇక్కడ ఉండదు. చీపురు, వైపర్ కిందుగా ఈ గోడ నుంచి ఆ గోడకు వెళ్లిపోతాయి. నీళ్ల పొదుపూ నిజమే. చిన్న బటన్‌కు 3, పెద్దదానికి 6 లీటర్లు. నలుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు రోజుకు ఒక పెద్ద ఫ్లష్, నాలుగు చిన్నవి వాడితే 72 లీటర్లు. పాత 10 లీటర్ల ట్యాంకుతో అదే వాడకానికి 200. ట్యాంకర్ నీళ్లు కొనే ఎండాకాలంలో ఈ తేడా బిల్లులో కనిపిస్తుంది. రిమ్ లేని కమోడ్‌లో ఫ్లష్ చేసినప్పుడు నీళ్లు బయటికి చిందుతుంటే కమోడ్ తప్పు కాకపోవచ్చు. ఫ్లష్ వాల్వ్ దగ్గర ధారను తగ్గించే సర్దుబాటు గానీ రింగు గానీ ఉంటుంది, ప్లంబర్‌తో అది సరిచేయించండి.

పై అంతస్తు ఫ్లాట్లవాళ్లు ప్రెషర్ గురించి భయపడతారు. ఓవర్‌హెడ్ ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే ఒక బార్ (ప్రెషర్ కొలత), రెండు మూడు మీటర్లే ఉంటే 0.2, 0.3. మంచి ఫిల్ వాల్వులు 0.1 బార్‌కే పనిచేస్తాయి. నిండటానికి కాస్త ఆలస్యమవుతుంది అంతే. ఫ్లష్ బలం ట్యాంకులో నిండిన నీటిది, పైపు ప్రెషర్‌ది కాదు.

దీనికి నిజమైన శత్రువు బోరు నీళ్లు. సున్నం ఫిల్ వాల్వ్ జల్లెడలో, సీలు అంచుల మీద గట్టిపడుతుంది. ఫ్లష్ చేసిన పావుగంటకు కమోడ్ గిన్నె లోపల వెనక వైపు పొడి కాగితం ముక్క ఆనించండి. తడిస్తే సీలు కారుతున్నట్టే. ప్లేటు తీసి, స్టాప్ కాక్ మూసి, సీలును తీసి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గంట నానబెట్టి మెత్తని గుడ్డతో తుడవండి. గట్టి నీళ్లున్నచోట ఆరు నెలలకోసారి ఈ పని చేస్తే చాలు. అప్పటికీ ఆగకపోతే సీలు అరిగినట్టు, మొదట్లో కొన్నది తీసి వేయండి. కమోడ్ కడిగే యాసిడ్‌ను, నీలం బిళ్లలను ట్యాంకులో ఎప్పుడూ వేయకండి, రబ్బరు పాడవుతుంది.

అద్దె ఇంటికి దీన్ని పెట్టించవద్దు. ప్లేటు విప్పి బాగుచేసే ఓపిక అద్దెకున్నవాళ్లకు ఉండదు, వచ్చే ప్లంబర్‌కు అలవాటు లేకపోతే గోడ పగలగొట్టాల్సిందే అంటాడు. సొంతంగా ఉండే ఇల్లయితే, పూడిక ఎలాగూ తీయిస్తుంటే, పెద్దవాళ్లకు కావలసిన ఎత్తు ఇచ్చే కమోడ్ కావాలంటే తప్పకుండా తీసుకోండి. ప్లేటు కంత చుట్టూ, లెడ్జ్ మీదా వేసిన టైల్స్‌లో నాలుగు మిగిల్చి, కొని ఉంచిన సీళ్లు, పైపుల ఫోటోల ప్రింట్లు, ట్యాంకు మోడల్ నంబరున్న డబ్బా ముక్క అన్నీ ఒకే సంచిలో కట్టి అటక మీద పెట్టండి.